జేజికి రాని చదువు

"మీరు ఏమోళ్ళు?" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే జవాబు వస్తుంది. ఊరికే తెలుసుకుందామని అడిగేవాళ్ళు కూడా ఉంటారని నాకు తెలియక కాదు. కానీ మమ్మల్ని ఆ ప్రశ్న ఎవరూ ఊరికే అడగలేదు. మేం చెప్పిన జవాబు వినేసి, మా మొహాల వైపు ఒకసారి, మా అమ్మ మెడలో నల్లపూసల వైపు ఒకసారి చూసి "ఓహో" అనేవాళ్ళు. ఆ ఓహోలో ఏముందా అని ఆలోచించడంతోనే నా చిన్నతనం సగం గడిచిపోయింది.

మేం దూదేకులవాళ్ళం. పుంగనూరులో మా తాత దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. పండగ నమాజు మసీదులో, మాటలన్నీ తెలుగులో. చుట్టుపక్కల రైతుల ఇళ్ళకు మేం సాయిబులం. మసీదు వీధిలో ఉర్దూ మాట్లాడేవాళ్ళకు మాత్రం దూదేకులోళ్ళం. సాయిబులం అవునో కాదో తర్వాత చూద్దాంలే అన్నట్టుండేది వాళ్ళ వాలకం. తాత పేరు చివర "అప్ప" ఉండేది. తలకు రైతుల మాదిరి గుడ్డ చుట్టేవాడు. మా నాయన తల్లిని మేం జేజి అనేవాళ్ళం. ఆమె నొసటన పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆమె వీధిలోకి వస్తే, అందరి ఆడపిల్లలతో పాటు వరుసలో కూర్చుని పొడిపించుకుందట. పెద్దయ్యాక తుడిస్తే పోయేదా అది! కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు ఆ పచ్చచుక్క మీదే కళ్ళు పెట్టేవాళ్ళు.

జేజికి తెలిసిన ఇస్లాం అంతా కొంగున ముడేసుకునేంత. దేవుడు ఒక్కడే. ఆయనకు అమ్మా నాయనా లేరు, పెళ్ళాం బిడ్డలు లేరు, బొమ్మ లేదు. బొమ్మ ఎందుకు లేదని అడిగితే, "బొమ్మ ఉంటే ఒక తట్టు మొగం, ఒక తట్టు ఈపు ఉంటాది గదా. ఈపు తట్టు ఉండేవాళ్ళ గతేమి?" అనేది. ఆయన మాటను మనదాకా తెచ్చినవాడు పైగంబరు. పైగంబరు దేవుడు కాదు, మనిషే. మనలాగే అంగడికి పోయి సరుకు అమ్మినవాడే. రంజాన్ నెల ఉపవాసాన్ని రోజా అనడం ఆమెకు చేతకాదు, ఒక్కపొద్దు అనేది. మక్కా ఎక్కడుందని అడిగితే పొద్దు గూకే వైపు చెయ్యి చూపించి, "మదనపల్లె దాటినాక" అనేది. మొహర్రం వచ్చిందంటే పీర్ల చావిడి దగ్గర చక్కెర పంచేది. సాయంత్రం దీపం పెట్టగానే "మాట" అనుకునేది. పెదాలు మాత్రమే కదిలేవి.

ఆ మాట వాళ్ళమ్మ ఆమె చెవిలో చెప్పింది, ఆమె మా చెవుల్లో చెప్పింది. అల్లా తప్ప వేరే దేవుడు లేడు, పైగంబరు ఆయన పంపిన దూత అని దాని అర్థం. ముసల్మాను అనేవాడికి మొదటి గుర్తు అదే. లోకమంతా దాన్ని కల్మా అంటుందని నాకు చాలా రోజులు తెలియదు. మా ఇంట్లో అది మాట, అంతే. దాన్ని చదవడం అనేది కూడా మా ఇంట్లో లేదు, అనుకోవడమే. "మాట అనుకునేదాకా కూడు లేదు" అని జేజి మమ్మల్ని గదమాయించేది.

డెబ్బైల చివర్లో నేను టీచర్ ట్రైనింగుకని మదనపల్లె వెళ్ళాను. హాస్టలు క్రైస్తవులది. వార్డెనమ్మ మంచిదే. చేరిన రోజే నన్ను పక్కకు పిలిచి, నమాజు చేసుకోవడానికి చోటు కావాలా అని అడిగింది. నన్ను పరీక్షిస్తోందని నాకు అనుమానం. పైగా నాకు నమాజు పూర్తిగా రాదు. వద్దండీ అన్నాను. నా గదిలో ఒకమ్మాయి ఊరగాయ జాడీని నా మంచం వైపు నుంచి తీసి అవతల పెట్టుకుంది. ఇంకో అమ్మాయి నాకు ఏసు కథల చిన్న పుస్తకం ఇచ్చింది. మొదటిది నన్ను దూరం పెడుతోందనీ, రెండోది దగ్గరికి లాగుతోందనీ ఇద్దరి మీదా సమానంగా కోపం పెంచుకున్నాను. ఉర్దూ రాని ముస్లిం ఉంటుందా అని వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండగా విన్నాక ఆ కోపం ఇంకాస్త ముదిరింది.

అక్కడే మా సోషల్ మాస్టారు ఒక రోజు ఇస్లాం పాఠం తీసి, "నువ్వు చెప్పమ్మా, మీదే కదా" అని నన్ను లేపాడు. లేచి నిలబడ్డాను. నోట మాట లేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సాయంత్రం కూర్చుని పాఠం మొత్తం బట్టీ పట్టేశాను. అరబ్బు దేశం, ఎడారి, మక్కా పట్నం. తల్లిదండ్రులు లేకుండా పెరిగిన పిల్లవాడు, నిజాయితీ గల వర్తకుడు, గుహలో జ్ఞానోదయం, సొంతవాళ్ళే తరిమితే మదీనాకు వలస, ఆ వలసతో మొదలైన హిజ్రీ శకం. ఐదు మూలస్తంభాలు: కల్మా, నమాజు, రోజా, జకాతు, హజ్జు. నా మతం నాకు పరీక్షల పుస్తకంలో దొరికింది. మా అమ్మానాయనలు నాకు అసలు మతమే ఇచ్చారా, ఏదో మిగిలిన ముక్క ఇచ్చారా అని అప్పుడు మొదలైంది కొత్త అనుమానం.

సెలవులకు పుంగనూరు వెళ్ళి జేజిని ఇన్‌స్పెక్టరు మాదిరి ఆరా తీశాను.

"జేజీ, నీకు జకాతు తెలుసా?"

"అదేం పంటే?"

"పంట కాదు. ఏడాదికి ఒకసారి, మనకు మిగిలినదాంట్లో లేనోళ్ళకు ఇచ్చే వాటా."

జేజి ఏటా చలికాలం ముందర మిగిలిన దూదితో ఒక బొంత కుట్టి, వీధి చివర గుడిసెలో ఉండే ముసలామెకు ఇచ్చేది. నా మాట విని, "దానికి పేరు గూడా ఉండాదా?" అంది. ఆమె నవ్వుతోందో నిజంగానే అడుగుతోందో నాకు తెలియలేదు.

ఆ ఎండాకాలమే తాత పోయాడు. పుంగనూరులో పోయి ఉంటే ఈ కథ లేదు. అక్కడ మసీదు వీధివాళ్ళు ఎంత మూతి విరిచినా, తాతను పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్ళు. ఆయన పోయింది కుప్పంలో. మా చిన్నాయన అప్పటికి కొత్తగా కుప్పం చేరి పరుపుల అంగడి పెట్టుకున్నాడు. అది మూడు రాష్ట్రాల మూల. వీధిలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అన్నీ వినపడతాయి. కొడుకును చూసిపోదామని తాతా జేజీ వెళ్ళారు, నేనూ వెంట వెళ్ళాను. ఒక ఉదయం తాత పరుపు కుట్టే సూదికి దారం ఎక్కిస్తూ, కన్ను చికిలించి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఎక్కించలేక విసుగుపడుతున్నాడనుకున్నాం.

ఎండ మండిపోతోంది. శవాన్ని పుంగనూరు తీసుకుపోవాలంటే వి.కోట, పలమనేరు మీదుగా పోవాలి, ఏ బస్సువాడూ ఎక్కించుకోడు. మాలో శవాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు కూడా. పుంగనూరులో ఒక అంగడి ఫోనుకు కబురు పెడితే నాయన బయల్దేరాడు. చిన్నాయన మసీదుకు పరిగెత్తాడు. శవాన్ని మోసుకెళ్ళే జనాజా మసీదులో ఉంటుంది. శ్మశానంలో చోటు కూడా వాళ్ళే చూపించాలి. కాసేపటికి చిన్నాయన తిరిగొచ్చాడు. వెంట జనాజా రాలేదు, ముగ్గురు మనుషులు వచ్చారు.

వాళ్ళలో మసీదు వ్యవహారాలు చూసే పెద్దమనిషి, ముతవల్లి, మర్యాదగానే మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ భయం. అంతకు ముందు ఏడాది, దారిన పోయే మనిషి ఒకడు టోపీతో చచ్చిపడి ఉంటే ముసల్మాను అనుకుని వీళ్ళు పాతిపెట్టారట. తర్వాత అరవదేశం నుంచి అతని వాళ్ళు వచ్చి, మా శవాన్ని ఎట్లా పాతారని పెద్ద రచ్చ చేశారట. అప్పటి నుంచీ తెలియనివాళ్ళ విషయంలో విచారించనిదే ముందుకు పోవడం లేదన్నాడు. చెప్పిన కారణం బాగానే ఉంది. కానీ చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు కొక్కేనికి వేలాడుతున్న తాత తలగుడ్డ మీద ఉన్నాయి.

"పేరేమప్పా?" అని అడిగాడు. చిన్నాయన చెప్పాడు. చివరి "అప్ప" దగ్గర ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నువ్వు కల్మా సదువు సూస్తాం" అన్నాడు ముతవల్లి. తండ్రి పోయి గంట కాలేదు. చిన్నాయన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాడు. ఏడుపు వల్ల ఆగాడో రాక ఆగాడో ఎవరు తేలుస్తారు? ముతవల్లి తల ఊపి, "ఇంట్లో పెద్దోళ్ళు ఎవరుండారు?" అన్నాడు.

తలుపు దగ్గర జేజి కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. కొంగు కింద నుంచి పచ్చబొట్టు కనబడుతూనే ఉంది.

"ఏమ్మా, నువ్వు కల్మా సదువు."

జేజి తలెత్తి ఆయన్ని చూసింది. ఏదో కాగితం చేతికి ఇస్తాడేమో అన్నట్టు ఆయన చేతులకేసి చూసింది. "నాకు సదువు రాదప్పా" అంది.

వెనకనున్న మనిషి ఉర్దూలో ఏదో గొణిగాడు. నాకు ఉర్దూ రాకపోయినా అర్థమైపోయింది. కడుపు మండిపోయి నేను లేచాను. మా మాస్టారి దగ్గర రాని మాటలన్నీ వరదలా వచ్చాయి. మక్కా, మదీనా, వలస, ఐదు స్తంభాలు అన్నీ ఒక్క గుక్కలో ఒప్పజెప్పేశాను. ముతవల్లి ఓపికగా విన్నాడు.

"ఈ పాఠం మా పక్కింటి శెట్టి పిల్లోడు గూడా ఒప్పజెప్తాడు పాపా. అంతమాత్రానికి వాడు సాయిబైపోయినాడా?" అన్నాడు.

ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అనలేను, అదే నాకు మంట. అప్పుడు తట్టింది నాకు, జేజికి ఏం అర్థమైందో. పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. "జేజీ, చదువు అంటే పుస్తకం చదవమని కాదు. వాళ్ళడిగేది మాట. దీపం పెట్టినాక అనుకుంటావే, అది. అనేయి, అయిపోతుంది."

జేజి మొహం మారింది. అప్పటిదాకా ఉన్న బెదురు పోయి, నాకు బాగా తెలిసిన మొండితనం వచ్చి కూర్చుంది.

"అదా?" అంది. "అది నేను ఆయనకు చెప్పుకునేది. ఈళ్ళకు యాల చెప్పాల? ఎద్దుకు పండ్లు సూసినట్ల నా నోరు తెరిపించి సూస్తారా? ఆడేమో మనిషి పడిపోయి ఉండాడు, ఈడేమో ఈళ్ళు బేరానికి వచ్చినారు."

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు చిన్నాయన.

జేజి నోరు గట్టిగా మూసుకుంది. ముతవల్లి అనుమానం ఇప్పుడు రెండింతలైంది. తెలిసి కూడా చెప్పని ముసల్మాను ఉంటాడా అని వెనక్కి తిరిగి అన్నాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో జేజి మీద అంత కోపం వచ్చింది. రెండు ముక్కలు అనడానికి ఏం పోయింది? ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. తాత మొహం మీద ఈగలు వాలకుండా నేను తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాను.

వీధిలో గుమిగూడిన వాళ్ళలో ఒక రైతు ముందుకొచ్చాడు. చిన్నాయన దగ్గర పరుపు కుట్టించుకున్నవాడు. "ఊరి బయట మా చేను ఉండాదప్పా. గట్టున పెట్టుకోండి. ఎవుర్నీ అడిగేపని లేదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. చిన్నాయన ఆశగా జేజి వైపు చూశాడు.

"వద్దు" అంది జేజి. "ఆయన జీవితంలో ఒంటిగా పండుకోలే. మనోళ్ళ మధ్యలోనే పెట్టాల. గట్టున ఒంటిగా నేను పెట్టను."

అది విన్నాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. ఆమెకు ఆ చోటు మా అందరికంటే ఎక్కువ కావాలి. అది కావాలని తెలిసి కూడా నోరు విప్పడం లేదు. నాకు ఏడుపొచ్చింది.

ముతవల్లితో వచ్చినవాళ్ళలో ఒకడు వెళ్ళి హజరత్తును తీసుకొచ్చాడు. మసీదులో నమాజు చేయించే ముసలాయనను అక్కడ అలా పిలుస్తారు. నడుం వంగిపోయిన మనిషి, గొడుగు ఊతంగా పట్టుకుని వచ్చాడు. పరుపుల గుట్ట మీద కూర్చుని, జరిగిందంతా ముతవల్లి చెబుతుంటే విన్నాడు.

"సదువు అంటే ఏమనింది?" అని మళ్ళీ అడిగాడు.

"సదువు రాదనింది హజరత్."

ముసలాయన గొడుగును పక్కన పెట్టాడు. తమిళం కలిసిన తెలుగులో, మెల్లగా చెప్పాడు.

"మక్కా దగ్గర కొండలో ఒక గుహ. పైగంబరు ఒంటరిగా కూర్చోని ఉండారు. దేవుడి దూత వచ్చి, సదువు అన్నాడు. ఆయనేమన్నారు? నాకు సదువు రాదు అన్నారు. దూత ఊపిరాడనట్ల అదుముకోని, వదిలి, మళ్ళీ సదువు అన్నాడు. మళ్ళీ అదే జవాబు. మన దీను, మన మతం, మొదలయిందే ఆ జవాబుతో. ఆ జవాబు విని దూత తిరిగి పోయినాడా? నువ్వు యాల తిరిగి పోతాండావు?"

పైగంబరు మాట వచ్చినప్పుడల్లా ఆయన ఏదో దీవెన గొణుక్కునేవాడు. అది పూర్తయ్యేదాకా అందరం ఆగాల్సి వచ్చేది. మళ్ళీ అన్నాడు. "వణుకుతా ఇంటికొచ్చి, నాకు దుప్పటి కప్పండి అన్నారు. ఆయన్ని మొట్టమొదట నమ్మింది ఎవరు? దుప్పటి కప్పిన ఇల్లాలు. పరీక్ష పెట్టి నమ్మిందా ఆమె?"

మా పుస్తకంలో ఇదంతా "గుహలో జ్ఞానోదయం" అని ఒక్క ముక్కలో అయిపోయింది. చదువు, రాదు అనే మాటలు అందులో లేనే లేవు.

హజరత్తు లేచి తాత తల దగ్గరకు వెళ్ళి, తనే గట్టిగా కల్మా చెప్పాడు. జేజి వైపు చూడలేదు, ఆమెను ఏమీ అడగలేదు. తాతకే చెబుతున్నట్టు చెప్పాడు. కొంగు కింద జేజి పెదాలు కదిలాయి. ముతవల్లి కాస్త ముందుకు వంగి చెవి పెట్టడం నేను చూశాను. ఆయనకు ఏం వినబడిందో తెలియదు గానీ, బయటికి పోయి జనాజా తెమ్మని కేక వేశాడు.

ముసలాయన ఆ కథను మనసారా నమ్మి చెప్పాడా, ఎండ ముదిరేలోగా పని కానివ్వాలని చెప్పాడా అని నాకు ఇప్పటికీ అనుమానమే. జనాజాకు మొదట భుజం పెట్టింది ముతవల్లే. దాన్ని కూడా నేను నమ్మలేదు. నాయన బస్సు దిగి ఆయాసపడుతూ శ్మశానానికి వెళ్ళి, పిడికెడు మట్టి వేయడానికి మాత్రం అందుకున్నాడు.

మాలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. చిన్నాయన తిరిగి రాగానే నేను గుమ్మంలోనే పట్టుకున్నాను. ఎక్కడ పెట్టారు, గోడవారనా? వేరేగానా? "కాదు పాపా, వరసలోనే. అటొకరు ఇటొకరు ఉండారు" అన్నాడు. ఒట్టు వేయమన్నాను. వేశాడు.

సాయంత్రం జేజి ఏకకుండా మిగిలిపోయిన దూది కుప్ప పక్కన కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ ఆమె కంట నీటిచుక్క రాలేదు. నేను కాఫీ తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మనోళ్ళంతా తిరిగొచ్చేసినారా?" అంది.

"వచ్చేశారు జేజీ."

"అట్లయితే ఈ పాటికి ఆళ్ళు వచ్చింటారు."

ఎవరని నేను అడగలేదు, నాకు తెలుసు. పాతిపెట్టినవాళ్ళు తిరిగి వెళ్ళిపోగానే ఇద్దరు దూతలు గోరీలోకి వస్తారని మా నమ్మకం. పోయిన మనిషిని లేపి కూర్చోబెట్టి, నీ దేవుడెవరు, నీ ధర్మమేది, నీ పైగంబరు ఎవరు అని అడుగుతారు. జేజి ఈ సంగతి మాకు వంద సార్లు చెప్పి ఉంటుంది. ఎప్పుడూ భయపడుతూ చెప్పలేదు. చుట్టాలు వచ్చి క్షేమం అడుగుతారన్నట్టు చెప్పేది.

"పాపా, ఆళ్ళు యా బాసలో అడుగుతారు?"

"ఎందుకు జేజీ?"

"మీ తాతకు తెలుగు తప్ప ఇంకోటి రాదు గదా. పొద్దున ఈళ్ళు తెలుగులో అడిగినా నాకే ఏమో అర్తం కాలే. ఆయన గూడా అర్తం గాక, నాకు రాదు అని చెప్పేస్తే? నాకైతే నువ్వు పక్కనుండి ఇదీ అని చెప్తివి. ఆడ ఆయనకు ఎవురు చెప్తారు?"

అప్పుడు ఏడ్చింది. దూదిలో మొహం పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. నా పుస్తకంలో దానికి జవాబు లేదు. హజరత్తును అడుగుదామంటే ఆయన వెళ్ళిపోయాడు.

"తెలుగులోనే అడుగుతారు జేజీ" అన్నాను గట్టిగా.

జేజి తల ఎత్తి, కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. ఆమె నన్ను ఎన్నడూ అలా చూడలేదు.

"నీకెట్ల తెలుసు?" అంది.